అప్పుల పోలిక సైటులో నంబరు ఇచ్చాక వరుస ఫోన్లు, ముందే ఫీజు కట్టమంటున్నారు: నా హక్కులేమిటి?

ప్రశ్న: కరకట్ట

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక చిన్న సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 31,000 రూపాయల జీతం బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కలిపి జూన్ రెండో వారంలోగా 50,000 రూపాయలు కట్టాలి. ఊళ్లో నోటు రాసి తెచ్చుకుందామంటే నూటికి మూడు రూపాయల వడ్డీ అంటున్నారు. అందుకని, మన అర్హతకు తగిన రుణాలన్నీ ఒకేచోట చూపిస్తామని చెప్పే ఒక సైటులో ఆదివారం రాత్రి పేరు, పాన్ సంఖ్య, పుట్టినతేదీ, జీతం, ఫోన్ నంబరు నింపాను. చివర్లో చిన్న అక్షరాల పక్కన ఒక పెట్టెలో టిక్ గుర్తు ముందే పెట్టి ఉంది. నేను దాన్ని చదవకుండానే ముందుకు వెళ్లానని ఒప్పుకుంటున్నాను.

సోమవారం ఉదయం తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం లోపు పదకొండు ఫోన్లు వచ్చాయి. వారిలో ఒకాయన నా పాన్ సంఖ్యలోని చివరి అక్షరాలు కూడా చెప్పి, రుణం మంజూరైందంటూ వాట్సాప్‌లో ఒక లేఖ పంపాడు. ఆ లేఖ మీద ఒక బ్యాంకు గుర్తు, రుణం నంబరు, గుండ్రటి రబ్బరు ముద్ర ఉన్నాయి గాని, ఏ శాఖ నుంచి వచ్చిందో మాత్రం ఎక్కడా లేదు. ఫైల్ ఛార్జీ 2,000, దానిపై జీఎస్టీ 360, మొత్తం 2,360 రూపాయలు యూపీఐలో పంపితే సాయంత్రానికల్లా డబ్బు పడుతుందని, ఆ మొత్తాన్ని మొదటి వాయిదాలో తగ్గిస్తామని అంటున్నాడు.

ఈ డబ్బు కట్టవచ్చా? ఇలాంటి సైట్లను అదుపు చేసే నియమాలు ఏమైనా ఉన్నాయా, లేక ఇది పూర్తిగా మన అదృష్టమేనా? ఇచ్చిన వివరాలను వెనక్కి తీసుకునే దారి ఉందా? ఇంతమంది ఫోన్ చేశారంటే నా సిబిల్ స్కోరు ఇప్పటికే పడిపోయి ఉంటుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పాత లెడ్జర్

కరకట్ట గారూ, ముందుగా ఆ 2,360 రూపాయలు పంపకండి. తక్కిన విషయాలు నిదానంగా మాట్లాడుకోవచ్చు. నేను బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నిజమైన ప్రాసెసింగ్ ఫీజును బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాకపోయినా అప్పులిచ్చే ఆర్థిక సంస్థలు) మామూలుగా మంజూరైన మొత్తంలోనే మినహాయించుకుని, మిగిలినది ఖాతాలో వేస్తాయి. రుణం చేతికి రాకముందే ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి డబ్బు పంపమన్నవాడు అప్పు ఇచ్చేవాడు కాడు. పాన్ అంకెలు చెప్పాడన్నది నమ్మకానికి ఆధారం కాదు. ఆ అంకెలు మీరు ఆదివారం రాత్రి ఇచ్చినవే, సోమవారం ఉదయానికి ఆయన చేతికి చేరాయి.

నియమాలు ఉన్నాయి, గట్టిగానే ఉన్నాయి. డిజిటల్ రుణాలపై రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మే 8న వాటిని విస్తరించి కొత్త ఆదేశాలుగా వెలువరించింది. వాటి ప్రకారం మీరు చూసిన సైటు అప్పు ఇచ్చే సంస్థ కాదు, అప్పు ఇచ్చే సంస్థ తరఫున పనిచేసే సేవాదారు మాత్రమే. మన భాషలో చెప్పాలంటే పెళ్లిళ్ల పేరయ్య. పేరయ్యకు ఇవ్వాల్సిన రుసుమును అప్పు ఇచ్చే బ్యాంకో, ఎన్‌బీఎఫ్‌సీయో భరించాలి గాని, అప్పు తీసుకునేవారి నుంచి ఆ సేవాదారు నేరుగా వసూలు చేయకూడదు. రుణం మొత్తం అప్పిచ్చే సంస్థ ఖాతా నుంచి సూటిగా మీ ఖాతాలో పడాలి, వాయిదాలు కూడా మీ ఖాతా నుంచి సూటిగా ఆ సంస్థ ఖాతాకే వెళ్లాలి. మధ్యలో పేరయ్య జేబు రాకూడదు.

అనేక సంస్థల రుణాలను ఒకేచోట చూపించే సైట్లకు 2025 నవంబరు 1 నుంచి ప్రత్యేక నియమాలు కూడా అమలులోకి వచ్చాయి. మీ అభ్యర్థనకు సరిపోయిన ప్రతి ప్రతిపాదన పక్కనా అప్పిచ్చే సంస్థ పేరు, మొత్తం, గడువు, ఏడాదికి పడే అసలు ఖర్చు అయిన ఏపీఆర్, నెల వాయిదా, ఆలస్యమైతే పడే అపరాధ రుసుము కనిపించాలి. సరిపోలని సంస్థల పేర్లు కూడా చూపించాలి. ఫలానా సంస్థ వైపే మిమ్మల్ని నెట్టడానికి మాయ చేసే రంగులు, బొత్తాలు, తొందరపెట్టే గడియారాలు వాడకూడదు. ఒక ప్రకటిత ప్రాతిపదికన, అంటే ఉదాహరణకు తక్కువ ఏపీఆర్ నుంచి ఎక్కువకు, వరుసగా పేర్చి చూపడం తప్పు కాదు. మీరు వివరాలు నింపిన సైటులో సంస్థల పేర్లు కనబడకుండానే అర్హత ఉందని మాత్రమే చెప్పి ఫోన్లు మొదలయ్యాయంటే, అది పోలిక సైటు ముసుగులో నంబర్లు పోగుచేసే దుకాణమని నా అనుమానం.

రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైటులో, నియంత్రణలో ఉన్న సంస్థలు వాడుతున్న రుణ యాప్‌ల జాబితా 2025 జులై నుంచి అందుబాటులో ఉంది. అందులో వెతకండి. అయితే ఒక జాగ్రత్త: ఆ జాబితాలోని వివరాలను సంస్థలే సమర్పిస్తాయి, రిజర్వ్ బ్యాంకు వాటిని విడిగా ధ్రువీకరించి ముద్ర వేయదు. అందువల్ల యాప్ పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన ఆగిపోకుండా, ఆ పేరు పక్కన ఉన్న బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ సొంత వెబ్‌సైటులో కూడా ఇదే యాప్‌ను తమ సేవాదారుగా చూపించిందో లేదో సరిచూసుకోవాలి. రెండు వైపులా పేరు కలిస్తేనే ముందుకు వెళ్లండి.

జవాబు: లీడ్ డెస్క్ మాజీ

పాత లెడ్జర్ గారు చెప్పింది నియమం వైపు నుంచి. నేను అవతలి గది నుంచి చెబుతాను. హైదరాబాద్ మాదాపూర్‌లో ఇలాంటి ఒక కార్యాలయంలో రెండేళ్లు పనిచేశాను. మీరు నింపిన ఫారాన్ని అక్కడ లీడ్ అంటారు. వచ్చిన మొదటి గంటలో లీడ్‌కు ఉన్న విలువ మరునాటికి ఉండదు, అందుకే ఫోన్లు అంత ఆత్రంగా వస్తాయి. జీతం బ్యాంకులో పడేవారి లీడ్‌కు ధర ఎక్కువ, చేతికి నగదు జీతం వచ్చేవారి లీడ్‌కు తక్కువ. ఎవరూ కొనకుండా మిగిలిపోయిన లీడ్‌లు ఎక్సెల్ షీట్లుగా చేతులు మారడం నేను కళ్లారా చూశాను. మీకు నకిలీ మంజూరు లేఖ పంపిన వ్యక్తికి మీ పాన్ ఆ దారిలోనే చేరి ఉంటుంది.

మీరు చదవకుండా వదిలిన ఆ పెట్టెలోనే కథంతా ఉంటుంది. "మా భాగస్వాములు" అనే మాట కనబడితే ఆ భాగస్వాముల పేర్ల జాబితా ఎక్కడుందో వెతకండి. వివరాలు సేకరించడానికి స్పష్టమైన సమ్మతి ముందుగా ఉండాలని, ఏ వివరాన్ని ఎందుకు వాడుతున్నారో చెప్పాలని, మూడో వ్యక్తులకు ఇవ్వవద్దనే హక్కు, ఇచ్చిన సమ్మతిని రద్దు చేసుకునే హక్కు, వివరాలను తుడిచివేయించే హక్కు రుణగ్రహీతకు ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమాలే చెబుతున్నాయి. కాబట్టి సైటులో ఉన్న ఫిర్యాదుల అధికారి చిరునామాకు ఈరోజే ఈమెయిల్ రాయండి. నా సమ్మతిని రద్దు చేసుకుంటున్నాను, వివరాలు తొలగించండి, ఇప్పటివరకు ఎవరెవరికి ఇచ్చారో తెలపండి అని మూడు వాక్యాలు చాలు. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు, ఈమెయిల్‌కు తేదీ ఉంటుంది. ఫోన్ల బెడద తగ్గడానికి 1909కు డీఎన్‌డీ, అంటే ప్రచార ఫోన్లు వద్దని, నమోదు చేసుకోండి. అది మోసగాళ్లను ఆపదు గాని, అసలు సంస్థల తరఫున విసిగించేవారిని కొంతవరకు ఆపుతుంది.

స్కోరు గురించి మీరు కంగారు పడనక్కర్లేదు. ఎవరో ఫోన్ చేసినంత మాత్రాన స్కోరు తగ్గదు. అర్హత చూపించడానికి సైటు తీసే సాధారణ పరిశీలన కూడా దాన్ని కదిలించదు. మీరు దరఖాస్తు చేసినప్పుడు అప్పిచ్చే సంస్థ మీ రుణ చరిత్ర నివేదికను తెప్పించుకుంటేనే అది విచారణగా నమోదవుతుంది, తక్కువ వ్యవధిలో అలాంటివి గుత్తుగా పడితే స్కోరు మీద కొంత ప్రభావం ఉంటుంది. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. దానిలో విచారణల పట్టికను చూడండి. మీకు తెలియని సంస్థ పేరు అక్కడ ఉంటే అభ్యంతరం నమోదు చేయండి. ముప్ఫై రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతిరోజుకూ 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.

ఇంకొక మాట. వ్యక్తుల నుంచి వ్యక్తులకు అప్పు ఇప్పించే పీ2పీ వేదికల లెక్క వేరు. వాటికి రిజర్వ్ బ్యాంకు వద్ద ఎన్‌బీఎఫ్‌సీ పీ2పీగా విడిగా నమోదు ఉంటుంది, డబ్బు మూడో పక్షం చూసుకునే ఎస్క్రో ఖాతా ద్వారా నడుస్తుంది. మీ విషయం అది కాదు కాబట్టి అందులోకి వెళ్లడం లేదు.

జవాబు: గోదారి గట్టు

నియమాలన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి. ఇంట్లో నాలుగు కాసుల బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తెచ్చుకోండి, ఈ సైట్ల గొడవే ఉండదు.

ప్రశ్న అడిగినవారి స్పందన: కరకట్ట

గోదారి గట్టు గారూ, ఉన్న బంగారం రెండేళ్ల క్రితమే బ్యాంకులో ఉందండీ.

డబ్బు పంపలేదు. ఆ వ్యక్తిని ఏ శాఖ అని అడిగితే ముంబయి ప్రధాన కార్యాలయం అన్నాడు, శాఖ కోడ్ అడిగితే ఫోన్ పెట్టేశాడు. తర్వాత నేను పాత లెడ్జర్ గారు చెప్పినట్టే జాబితాలో ఉన్న ఒక వేదికను, అప్పిచ్చే ఎన్‌బీఎఫ్‌సీ సొంత వెబ్‌సైటును రెండింటినీ సరిచూసుకుని మళ్లీ ప్రయత్నించాను. నిన్న నాకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే రుణం షరతులు, ఖర్చులు ఒకచోట చూపే కాగితం, వచ్చింది. తెర మీద పెద్ద అక్షరాలతో ఏడాదికి 24 శాతం వడ్డీ అని ఉంది, అంటే నూటికి నెలకు రెండు రూపాయలే కదా అని సంతోషించాను. కాని లోపలి కాగితంలో ఏపీఆర్ 36 శాతానికి పైగా చూపిస్తోంది. రుణం 50,000, గడువు 12 నెలలు, వాయిదా 4,728. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి 1,770, బీమా ప్రీమియం 1,180. నేను లెక్కలు చూసే ఉద్యోగిని, అయినా ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో నాకు వెంటనే అందలేదు. పైగా గంటలోగా సంతకం చేయకపోతే ఆఫర్ పోతుందని మెసేజి వస్తోంది.

జవాబు: పాత లెడ్జర్

కరకట్ట గారూ, మీరు సరిగ్గా చూడవలసిన చోటే చూశారు. మీ చేతికి వచ్చేది 50,000 కాదు. 1,770, 1,180 పోగా 47,050 మాత్రమే. వాయిదా మాత్రం 50,000 మీద లెక్కగట్టిందే. నెలకు 4,728 చొప్పున పన్నెండు వాయిదాలు, అంటే 56,736 రూపాయలు, 47,050 మీద కడుతున్నారన్నమాట. ఆ రెండింటినీ కలిపే వడ్డీ రేటు నెలకు దాదాపు మూడు శాతం. అందువల్ల రెండు రూపాయల వడ్డీ అనుకుని వెళ్లినవారు ఊళ్లో నోటు మీద అడిగిన మూడు రూపాయల దగ్గరికే చేరుకున్నారు. ఏపీఆర్ అనే అంకెను రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి చేయడానికి కారణం ఇదే. అప్పిచ్చే సంస్థ వసూలు చేసే మూడో పక్షపు ఖర్చులు, బీమాతో సహా, అందులో కలపాలి. ఆ కాగితంలో లేని ఏ రుసుమునూ మీ స్పష్టమైన సమ్మతి లేకుండా రుణకాలంలో వసూలు చేయడానికి వీల్లేదు.

ఈ బీమా మీరు కోరి తీసుకున్నదేనా? కాకపోతే తీసివేయమని రాయండి. అది లేకుంటే చేతికి 48,230 వస్తుంది, ఏపీఆర్ 31 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది.

గంటలో ఆఫర్ పోతుందన్న బెదిరింపును పట్టించుకోనక్కర్లేదు. ఏడు రోజులు, అంతకు మించిన గడువున్న రుణాలకు ఆ స్టేట్‌మెంట్ ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆలోచించుకునే వ్యవధి మీకు ఇవ్వాలి, ఆ మూడు రోజుల్లో మీరు ఒప్పుకుంటే ఆ షరతులకే సంస్థ కట్టుబడాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆ కాగితం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, అందులోని విషయాలు వివరించి మరీ రసీదు తీసుకోవాలని నియమం. మీరు తెలుగులో కావాలని అడగండి. నా సర్వీసులో తెలుగు కాగితం కావాలని నోరు తెరిచి అడిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు, అడగనివారికి ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

రుణం తీసుకున్నాక మనసు మారితే కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. దాన్ని సంస్థ బోర్డు నిర్ణయిస్తుంది గాని, ఒక రోజుకు తగ్గకూడదు. ఆ గడువులో అసలు, ఆ కొద్దిరోజులకు దామాషాగా పడే ఖర్చు కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ముందే స్టేట్‌మెంట్‌లో చెప్పి ఉంటే సహేతుకమైన ప్రాసెసింగ్ ఫీజును మాత్రం వారు ఉంచుకోవచ్చు. ఆటో డెబిట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ పేజీలో ఎవరి పేరు ఉందో, గరిష్ఠ మొత్తం ఎంత పెట్టారో, ఏ తేదీతో ముగుస్తుందో చూసి గాని ఓటీపీ కొట్టకండి. అక్కడ అప్పిచ్చే సంస్థ పేరు కాకుండా వేరొకరి పేరు ఉంటే ఆగిపోండి.

జవాబు: ఓరుగల్లు

అన్నలూ, మీరు రాసినవన్నీ చదివాక నేను కూడా ఒక విషయం చెప్పాలనిపించింది. మా పెదనాన్న కూతురు 2020లో, లాక్‌డౌన్ కాలంలో, వారం రోజుల గడువుతో 5,000 రూపాయలు ఒక యాప్‌లో తీసుకుంది. చేతికి వచ్చింది 3,200. అది తీర్చడానికి ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి మరొకటి, ఇలా రెండు నెలల్లో తొమ్మిది యాప్‌లు అయ్యాయి. యాప్ పెట్టుకునేటప్పుడు కాంటాక్టులకు అనుమతి ఇచ్చినందువల్ల, ఒకరోజు ఆలస్యం కాగానే ఆమె పనిచేసే బడి ప్రధానోపాధ్యాయురాలికి, పాలవాడికి, చివరికి నాకు కూడా ఆమె ఫొటో మీద దొంగ అని రాసి పంపారు. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి కొందరిని అరెస్టు చేశాకగాని మా ఇంట్లో ఎవరికీ ఇది నేరమని తెలియలేదు. అప్పటిదాకా ఆమెదే తప్పని మేమూ అనుకున్నాము, అది ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు రుణ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు చూడకూడదు. గుర్తింపు సరిచూసే కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ వంటివి మాత్రమే, అదీ స్పష్టమైన అనుమతితో ఒక్కసారికే. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోరు కూడా వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్టుల, ఫొటోల అనుమతి నిషేధించింది. కనుక వాట్సాప్‌లో ఒక లింకు పంపి అక్కడినుంచి యాప్ ఇన్‌స్టాల్ చేయమంటున్నారంటే, ప్లే స్టోరు గేటు దాటలేనివారు గోడ దూకుతున్నారని అర్థం చేసుకోవాలి.

వసూలు ఫోన్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. బంధువులను, స్నేహితులను బెదిరించకూడదు. వసూలు ఏజెంటును మీ దగ్గరికి పంపేముందు అతని వివరాలను సంస్థ మీకు ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ ద్వారా తెలపాలి. నిజమైన సంస్థ వీటిని దాటితే ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, ఆ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సందేహాలుంటే 14448కు ఫోన్ చేయవచ్చు. మధ్యవర్తి సైటు చేసిన తప్పుకు కూడా అప్పిచ్చిన సంస్థే బాధ్యత వహించాలి. కాని ఏ లైసెన్సూ లేని యాప్ మీద అంబుడ్స్‌మన్ చేయగలిగింది ఏమీ లేదు. దానికి సైబర్ మోసాల ఫోన్ నంబరు 1930, సైబర్ క్రైమ్ పోర్టల్, పోలీస్ స్టేషన్, అనుమతి లేని సంస్థల మీద ఫిర్యాదు తీసుకునే రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్ ఉన్నాయి. కరకట్ట అన్నా, మీకు వచ్చిన ఆ దొంగ లేఖను, నంబరును, యూపీఐ ఐడీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచారా? తుడిపేయకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: కరకట్ట

ఓరుగల్లు గారూ, స్క్రీన్‌షాట్లు ఉన్నాయమ్మా. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వాటిని జతచేసి ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు పోలేదు కదా, అయినా తీసుకుంటారా అని సందేహించాను గాని, తీసుకుని నంబరు ఇచ్చారు.

బీమా తీసివేయమని, తెలుగు కాగితం ఇవ్వమని ఎన్‌బీఎఫ్‌సీకి ఈమెయిల్ పెట్టాను. మర్నాడే కొత్త స్టేట్‌మెంట్ వచ్చింది. బీమా లేదు, ఏపీఆర్ 31 శాతం చిల్లర. తెలుగు ప్రతి రెండు రోజులు పట్టింది. అందులో అపరాధ రుసుము అన్న వరుస చదివాకే, వాయిదా తేదీ నెల మూడో తారీఖు అని, నాకు జీతం పడేది ఐదో తారీఖున అని గమనించాను. తేదీ ఏడుకు మార్చమని అడిగాను, వారి జవాబు ఇంకా రాలేదు. అది వచ్చాకే సంతకం చేస్తాను. మొదటి సైటుకు పంపిన తొలగింపు ఈమెయిల్‌కు మాత్రం ఇప్పటివరకు ఉలుకూ పలుకూ లేదు. నిన్న కూడా ఇద్దరు ఫోన్ చేశారు.

జవాబు: లీడ్ డెస్క్ మాజీ

వారి ఈమెయిల్‌కు పదిహేను రోజులు చూసి, అదే మెయిల్‌ను మళ్లీ పంపుతూ, ఆ సైటు తన భాగస్వామిగా చూపించుకుంటున్న బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ ఫిర్యాదుల అధికారిని ప్రతిలో (సీసీలో) చేర్చండి. మా పాత ఆఫీసులో మామూలు మెయిల్‌ను ఎవరూ తెరిచేవారు కాదు, ప్రతిలో అప్పిచ్చే సంస్థ పేరు ఉన్నదాన్ని మాత్రం ఆ సాయంత్రమే తెరిచేవారు.